యజమాని ఎవరు? దుస్తుల సరఫరా గొలుసులో కార్మిక హక్కుల నేపథ్యం

హైదరాబాద్ పాతబస్తీలో గుడ్డను బిగించిన కార్చోబ్ చట్రం ముందు కూర్చుని జర్దోజీ (జరీ ఎంబ్రాయిడరీ) పని చేసే మహిళను మీ యజమాని ఎవరని అడిగితే, గుడ్డ, జరీ తెచ్చిచ్చి పూర్తయిన పని పట్టుకుపోయే మనిషి పేరు మాత్రమే చెప్పగలుగుతుంది. అతనికి ఆ పని ఎవరిచ్చారో, ఆ చీర దుకాణంలో ఎంతకు అమ్ముడవుతుందో ఆమెకు తెలిసే మార్గం లేదు. కూలి పీసు లెక్కన వస్తుంది. కూర్చునే గది, కరెంటు బిల్లు, మసకబారే కళ్లు ఆమెవే. దుస్తుల రంగంలో హక్కుల కోసం జరిగిన పోరాటాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క ప్రశ్నకు జవాబు రాబట్టడానికి జరిగినవే.

మిల్లుల కాలంలో ఆ జవాబు వెతుక్కోవాల్సిన అవసరం ఉండేది కాదు. దిగువ ట్యాంక్‌బండ్ దగ్గరి డీబీఆర్ మిల్లులోనైనా, 1934లో వరంగల్‌లో వెలసిన ఆజంజాహీ మిల్లులోనైనా పని ఒకే ప్రహరీ లోపల జరిగేది, ఏ గేటు ముందు బైఠాయించాలో కార్మికులకు తెలిసేది. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టం కూడా అలాంటి ప్రహరీనే దృష్టిలో పెట్టుకుంది. అదే ఏడాది వచ్చిన కనీస వేతనాల చట్టం మాత్రం, సరుకు ఇంటికి తీసుకువెళ్లి పని చేసిపెట్టేవారిని కూడా ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. అయితే హాజరు పుస్తకంలో పేరే లేని మనిషి తనకు ఫలానావారు పని ఇచ్చారని ఏ అధికారి ముందు, ఏ కాగితంతో నిరూపించాలి? ఆ చేర్పు ఆచరణలో అక్కరకు రాకపోవడానికి ఇదే ప్రధాన కారణమని నేను భావిస్తున్నాను.

అంతర్జాతీయంగా 1974 నుంచి 2004 చివరి వరకు అమలైన దిగుమతి కోటాల (ఒక్కో దేశం నుంచి ఎంత సరుకు కొనాలో ధనిక దేశాలు పెట్టుకున్న పరిమితుల) వల్ల కుట్టుపని అనేక పేద దేశాలకు పాకింది. కోటాలు తొలగిన తర్వాత ధర తగ్గించగలిగిన చోటికే ఆర్డర్లు చేరాయి. చాలా బ్రాండ్లకు సొంత ఫ్యాక్టరీ ఉండదు; ఆర్డరు తీసుకున్న ఫ్యాక్టరీ గడువు అందుకోలేక కొంత పనిని మరొకరికి జాబ్ వర్కుగా ఇస్తుంది. తనిఖీ నివేదికలు మొదటి ఫ్యాక్టరీకే పరిమితమవుతాయి.

ఈ ఏర్పాటు ఎంత ప్రాణాంతకమో 2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపంలోని సావర్‌లో బయటపడింది. ముందురోజే రాణా ప్లాజా గోడల్లో పగుళ్లు కనిపించడంతో కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసివేశారు. పై అంతస్తుల్లోని దుస్తుల ఫ్యాక్టరీలు మాత్రం కార్మికులను మర్నాడు పనికి రప్పించాయి. భవనం కూలి 1,134 మంది మరణించారు. ఏ బ్రాండ్ల దుస్తులు అక్కడ తయారయ్యాయన్నది శిథిలాల్లో దొరికిన లేబుళ్లను చూసి తేల్చాల్సి వచ్చింది. బాధితుల పరిహార నిధికి తలపెట్టిన 3 కోట్ల డాలర్లు సమకూరేసరికి 2015 జూన్ వచ్చింది.

ఆ విషాదం తర్వాత మే నెలలో కుదిరిన బంగ్లాదేశ్ అకార్డ్ బ్రాండ్లు తమకు తామే రాసుకున్న పాత స్వచ్ఛంద నియమావళులకు భిన్నమైనది. బ్రాండ్లు, కార్మిక సంఘాలు కలిసి సంతకం చేసిన ఈ ఒప్పందంలో స్వతంత్ర తనిఖీలు, నివేదికల బహిరంగ ప్రకటన, ప్రమాదకరమైన పనిని నిరాకరించే హక్కు ఉన్నాయి. మాట తప్పిన బ్రాండుపై మధ్యవర్తిత్వానికి వెళ్లే వీలు కూడా ఉంది. కార్మికురాలికి జీతం ఇవ్వని కంపెనీ కూడా ఆమె ప్రాణానికి చట్టబద్ధంగా పూచీపడాలన్న సూత్రం మొదటిసారి ఇంత విస్తృతంగా అమలైంది. తమిళనాడులో ఒక యువ కార్మికురాలి హత్య తర్వాత, లైంగిక వేధింపుల నివారణకు 2022లో కుదిరిన దిండిగల్ ఒప్పందంలోనూ అదే దారి కనిపిస్తుంది.

గొలుసు అడుగున ఏముందో తెలుగువారు అంతకుముందే చూశారు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల హైబ్రిడ్ పత్తి విత్తన చేలలో క్రాసింగ్ (పూలకు చేత్తో పరాగసంపర్కం చేసే) పనికి బడి మాన్పించి ఆడపిల్లలను దింపేవారు. విత్తన కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ అనే దళారి ఉండేవాడు; కూలీలను పెట్టుకున్నది రైతే కాబట్టి బాధ్యత అతనిదే అనే వాదన అప్పుడూ వినిపించింది. కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు కాదన్న రైతు మాటను మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

పాత చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లు ఈ నేపథ్యంలోనే చూడాల్సినవి. సామాజిక భద్రతా కోడ్ ఇంటి వద్ద పనిచేసేవారిని నిర్వచించింది గానీ వారిని అసంఘటిత కార్మికులుగా, అంటే ప్రభుత్వ పథకాల లబ్ధిదారులుగా ఉంచింది. పని ఇచ్చిన కంపెనీ వరకు బాధ్యతను తీసుకువెళ్లలేదు. మరో కోడ్ ప్రకారం, విద్యుత్తుతో నడిచే చోట ఫ్యాక్టరీగా పరిగణించడానికి కావలసిన కార్మికుల సంఖ్య 10 నుంచి 20కి పెరిగింది. పన్నెండుమంది మోటారు మిషన్లపై కుట్టే నగర శివారు షెడ్డు 1948 చట్టం ప్రకారం ఫ్యాక్టరీగా ఉండేది. పదిమంది ఉన్న సంస్థలకు వర్తించే సాధారణ నిబంధనలు దానికి మిగిలినా, కొత్త నిర్వచనం ప్రకారం అది ఫ్యాక్టరీ కాదు.