రెజ్లింగ్ సినిమాకి స్టార్ హీరో: అపోహలు - వాస్తవాలు

తొంభైల్లో పెరిగిన పిల్లల జేబుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ, అమెరికా రెజ్లింగ్ కంపెనీ) ట్రంప్ కార్డులుండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్. ఇప్పటికీ రెజ్లింగ్ సినిమా అనగానే హీరో ఎంపిక ఆ కార్డు చూసినట్టే సాగుతుంది. విజయనగరం కుర్రాడొకడు ప్రొఫెషనల్ రెజ్లర్ అవుతాడు, క్లైమాక్స్ మ్యాచ్ శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో. ఇది ఊహే అనుకోండి. ఇలాంటి కథకి పేరున్న హీరోని తీసుకునేటప్పుడు తరచూ వినపడే మాటలివి.

అపోహ: సిక్స్‌ప్యాక్ ఉన్న హీరో దొరికితే సగం పని అయిపోయినట్టే.

వాస్తవం: నిలబడి ఉన్నంతసేపు నిజమే. పడాలంటే కావలసింది పొట్ట పలకలు కాదు. మెడ, వీపు పైభాగం, తుంటి చుట్టూ బలం ఉండాలి. పైగా పలకలు తేలడానికి షాట్‌కి ముందు నీళ్లూ ఉప్పూ తగ్గిస్తారు. అలా ఎండగట్టిన ఒంటితో రింగులోకి దిగితే కండరాలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. మే నెలలో మనవైపు ఉక్కపోత సంగతి వేరే చెప్పక్కర్లేదు. చొక్కా లేని ఎంట్రీ షాట్‌నీ, కిందపడే షాట్లనీ ఒకే రోజు పెట్టకండి.

అపోహ: అంతా ముందే అనుకున్న ఆట, దెబ్బ తగలదు.

వాస్తవం: ఫలితం ముందే అనుకున్నదే. ఇది వినోదమేనని 1989లో విన్స్ మెక్‌మాన్ కంపెనీ అయిన డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తానే న్యూజెర్సీ సెనేట్ ముందు చెప్పుకుంది. నేల మాత్రం నటించదు. డబ్ల్యూడబ్ల్యూఈ రింగు 20 అడుగుల చదరం. ఇనప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, పైన పల్చటి ఫోమ్, ఆపైన కాన్వాస్. టీవీలో పరుపులా కనపడేది ఇదే.

మొదటి పాఠం వెల్లకిలా పడటం, అదే బంప్. గొంతుక్కూర్చుని మొదలుపెట్టాలి, తర్వాత సగం వంగి, ఆ తర్వాతే నిలబడి. గడ్డం ఛాతీకి ఆనించాలి. పడే క్షణంలో ఊపిరి వదిలెయ్యాలి. వీపు పైభాగం, ముంజేతులు, అరచేతులు ఒకేసారి నేలకి తగలాలి. చేతులు ఒంటికి 45 డిగ్రీల్లో, అరచేతులు కిందికి. భయపడ్డవాడు చెయ్యి వెనక్కి ఆనిస్తాడు, మణికట్టో మోచెయ్యో విరిగేది అప్పుడే. గడ్డం వదిలేస్తే తల వెనక భాగం కొట్టుకుంటుంది. మొదట్లో పూటకి పది పదిహేను బంప్‌లు చాలు. తలనొప్పి, వాంతి, మసక చూపు, వీటిలో ఏ ఒక్కటి కనపడినా వెంటనే ఆపేసి డాక్టర్‌కి చూపించాలి. ‘ఇంకొక్క టేక్ బాబూ’ అనే బతిమాలుడు అక్కడ పనికిరాదు.

తాళ్ల మీదకి పరిగెత్తడం ఇంకో తంటా. వీపు తగిలేటప్పుడు పై తాడుని చేత్తో పట్టుకోకపోతే బయటికి పడతారు. పట్టుకున్నా మొదటి వారాల్లో చంకల కిందా పక్కటెముకల మీదా నల్లగా కములుతుంది. కమిలిన గుర్తులు మేకప్‌కి ఒక పట్టాన లొంగవు కాబట్టి, చొక్కా లేని షాట్లకి పది రోజుల ముందే తాళ్ల సాధన ఆపండి. ఇవన్నీ కలిపితే హీరో దగ్గర అడగాల్సినవి షూటింగ్ డేట్లు మాత్రమే కావు. మూడు నెలల శిక్షణ డేట్లు కూడా అడగాలి.

అపోహ: హీరో ఓకే అయ్యాక ఎదుటివాడిగా ఎవరినైనా పెట్టుకోవచ్చు.

వాస్తవం: సినిమాని చంపేది ఈ మాటే. రెజ్లింగ్‌లో దెబ్బ బలం తెలిసేది కొట్టేవాడి చేతిలో కాదు, తినేవాడి ఒంట్లో. హీరో ఎంత పెద్దవాడైనా ఎదుటివాడు సరిగ్గా ఎగరకపోతే ఆ బాడీ స్లామ్ (ఎత్తి నేలకేసి కొట్టడం) తేలిపోతుంది. ఎత్తేవాడి బలం సగమే. ఎత్తించుకునేవాడు సమయానికి గెంతి నడుం బిగించాలి. అందుకే మేమైతే ప్రత్యర్థిని ముందు ఖాయం చేసి, అతనితోనే హీరోకి పరీక్ష పెట్టమంటాం. మెడా మోచెయ్యీ పట్టుకుని కలబడటం, తలని చంకలో బిగించే హెడ్‌లాక్, తాళ్లకి విసరడం, భుజంతో గుద్దడం, బంప్. ఈ వరసని నెమ్మదిగా మూడుసార్లు చేయించండి. పట్లన్నీ ఎడమవైపే. మెక్సికో పద్ధతిలో మాత్రం కుడివైపు పట్టుకుంటారు, ఇద్దరు శిక్షకులు రెండు పద్ధతులూ కలిపేస్తే మోకాళ్లు గుద్దుకుంటాయి. ఎదుటివాడు చెయ్యి నొక్కగానే హీరో పట్టు సడలించాడా? పడ్డవాడి కళ్లలోకి చూశాడా, మానిటర్ వైపు చూశాడా? రెండోదైతే డబ్బు మిగుల్చుకోండి.

అపోహ: స్టార్ దెబ్బలు తింటే అభిమానులు ఒప్పుకోరు.

వాస్తవం: తినకపోతే మ్యాచే లేదు. మంచివాడు చాలాసేపు నలిగి, చివర్లో లేస్తేనే ఈలలు పడతాయి. దీన్ని సెట్లో ఒప్పించడం కుదరదు. ఎనిమిది నిమిషాల మ్యాచ్‌లో ఐదు నిమిషాలు మీరు కిందే ఉంటారని కథ చెప్పిన రోజే చెప్పెయ్యాలి.

అపోహ: విజయనగరం దగ్గరి కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్లున్నారుగా, మిగతా రెజ్లర్లుగా వాళ్లని దింపేద్దాం.

వాస్తవం: ఎత్తే పనికి బంగారం లాంటివాళ్లు. పడటం మాత్రం వాళ్లకి నేర్పని విద్య, బరువు అదుపు తప్పితే దాన్ని వదిలేసి తప్పుకోవడమే వాళ్ల శిక్షణ. ఎగిరి పడే పాత్రలకి మేము ముందు చూసేది ఉత్తరాంధ్ర జానపద కళలైన సాముగరిడీ, తప్పెటగుళ్ల బృందాలని. లయ తెలుసు, ఒకరి మీద ఒకరు ఎక్కడం తెలుసు, జనం ముందు ఆయాసం దాచుకోవడం తెలుసు. అసలు వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడు సర్కస్ నడిపినవాడు. ఛాతీకి చుట్టిన గొలుసు తెంపడమైనా, ఏనుగుని గుండెల మీద నిలబెట్టుకోవడమైనా టికెట్ కొన్న జనం కోసం చేసిన ప్రదర్శన. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌కి మన దగ్గర చుట్టం వెతకాలంటే మట్టి గోదా కన్నా ఆ సర్కస్ డేరాయే దగ్గర.

అపోహ: రక్తం సహజంగా రావాలంటే నుదుటి మీద బ్లేడు గాటు పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. మేకప్ రక్తం చాలు. ఇద్దరు చెమటలో కలబడేచోట నిజం రక్తమంటే హెపటైటిస్‌ని పిలిచినట్టే.

అపోహ: యాస సంగతి డబ్బింగ్‌లో చూసుకోవచ్చు.

వాస్తవం: మైకు పట్టుకుని సవాలు విసిరే సీన్‌లో పెదాలు క్లోజప్‌లో ఉంటాయి, దాగవు. ప్రతి వాక్యం చివరా ‘ఏటి’ తగిలించి ఉత్తరాంధ్ర అనిపించుకునే పద్ధతి మనవాళ్లకి చిరాకు. ఆ సీన్‌ని బంప్‌ల తర్వాత, నిజంగా రొప్పుతుండగా, అక్కడి సౌండ్‌తోనే తీయండి.

అపోహ: స్టేడియం నిండా జనం ఉంటే హడావిడి అదే వస్తుంది.

వాస్తవం: మొదటి టేక్‌కి వస్తుంది. ఆరో టేక్‌కి అదే దెబ్బకి అరవమంటే సెల్‌ఫోన్లు చూసుకుంటారు. జనం వచ్చిన రాత్రి మ్యాచ్ మొత్తాన్ని కట్ లేకుండా ఒక్కసారి ఆడించి, సగం కెమెరాలు గ్యాలరీ వైపే తిప్పండి. హీరో క్లోజప్‌లు మర్నాడు, ఒకవైపు తాళ్లు విప్పేసి, ఖాళీ స్టేడియంలో తీసుకోవచ్చు.