తపాలా గుమాస్తా ఒంటి కష్టం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పోస్టాఫీసు ఉద్యోగమంటే కౌంటరు దగ్గర కూర్చుని స్టాంపులు అమ్మడమే అనుకుంటారు చాలామంది. మనకు కనబడేది అంతే మరి. వెనక గదిలోకి తొంగి చూస్తే అది ఒళ్లు వంచి చేసే పనని తెలుస్తుంది.

తేదీ ముద్ర సంగతే తీసుకోండి. అంటించిన స్టాంపును ఎవరూ మళ్లీ వాడకుండా దాని మీద ఈ ముద్ర కొడతారు. రోజూ పని మొదలుపెట్టేముందు తేదీ మార్చి, తెల్లకాగితం మీద ఒకసారి వేసి చూసుకోవాలి. ఇంకు ఎక్కువైతే అలుక్కుపోతుంది, ఎండిపోతే ఊరి పేరు పడదు. పడలేదు కదా అని గట్టిగా కొట్టడం మొదలుపెడితే నాలుగు రోజుల్లో మణికట్టు పట్టేస్తుంది. సరిచేయాల్సింది ఇంకును. ఉత్తరం కింద రబ్బరు పలక ఉండాలి, చెయ్యి మోచేతి నుంచి ఆడాలి.

అన్నిటికంటే కష్టం సార్టింగు, అంటే ఉత్తరాలను ఊళ్లవారీగా విడదీయడం. ఎదురుగా గూళ్ల బీరువా. ఎడమచేతిలో ఉత్తరాల కట్ట, చిరునామాలన్నీ ఒకే వైపుకు. బొటనవేలు పై ఉత్తరాన్ని కాస్త ముందుకు తోస్తుంది, కుడిచెయ్యి దాన్ని అందుకుని గూట్లో వేస్తుంది. ఈలోగా కన్ను తరవాతి ఉత్తరం పిన్‌కోడ్ మీద ఉంటుంది. మామూలు ఉత్తరం 20 గ్రాములు కూడా తూగదు. భుజం లాగేది ఆ బరువుకు కాదు, గంటల తరబడి చెయ్యి ఎత్తి దించినందుకు. అందుకే ఎక్కువ ఉత్తరాలు వెళ్లే ఊళ్లకు ఛాతీ ఎత్తు గూళ్లు ఇవ్వాలి, ఎప్పుడో ఒకటి వచ్చే ఊళ్లను పై వరసకో కింది వరసకో పంపాలి. కాళ్ల దగ్గర చిన్న పీట వేసుకుని, కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద పెడితే నడుముకు తెరిపి.

ఇక ఉత్తరాలు, పార్సిళ్లు నింపిన తపాలా సంచులు. స్పీడ్‌పోస్టులో 35 కిలోల పార్సిల్ దాకా తీసుకుంటారు. సంచిని మూతి పట్టి లాగితే లోపలి సరుకు ఒక పక్కకు జారి నడుము మెలిపడుతుంది. మోకాళ్లు వంచి, ఒక చెయ్యి అడుగు మూలకు వేసి, ఒంటికి ఆనించుకుని లేపాలి. పక్కకు తిరగాలంటే పాదాలు తిప్పాలి, నడుము కాదు. బరువు మరీ ఎక్కువైతే ఇద్దరు పట్టాల్సిందే. సంచి బోర్లించగానే దుమ్ము లేస్తుంది, ముక్కుకు గుడ్డ తప్పదు. కాగితాలు తిప్పడానికి వేలు నాలుకకు తాకించకూడదు, తడి స్పాంజి దగ్గర పెట్టుకోవాలి.

మీ వల్ల అయ్యే సాయం ఒకటుంది: పిన్‌కోడ్ అంకెలు విడివిడిగా, స్పష్టంగా రాయండి. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల్లో మొదటి మూడూ సార్టింగు జిల్లాను, చివరి మూడూ బట్వాడా చేసే పోస్టాఫీసును చెబుతాయి. 530001 విశాఖపట్నం. మీ 3 కాస్త మూసుకుపోయి 8లా కనబడిందా, 580001 అవుతుంది. అది కర్ణాటకలోని ధార్వాడ. అక్కడ ఇంకో గుమాస్తా దాన్ని ఏరి, చిరునామా వైపుకు తిప్పి, కట్టలో పెట్టి, మళ్లీ సంచికి ఎక్కించాలి.

ఇట్లు,
మీ తాతయ్య