మార్చి 5 వెనుక 1947 జులై

ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగువారి ఇళ్లలో రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. తిథికీ వర్జ్యానికీ చూసేది తెలుగు క్యాలెండరు, బడికీ ఆఫీసుకీ సెలవులు చూసేది ఒడియా క్యాలెండరు. ఆ రెండోదానిలో మార్చి 5 ఏళ్ల తరబడి ఎర్ర అంకెగా కనిపించేది. అది ఒడిశా మాజీ ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పుట్టినరోజు. ఒడిశా ప్రభుత్వం దానినే పంచాయతీరాజ్ దినంగా పాటించేది. 2024 జూన్‌లో అధికారానికి వచ్చిన బీజేపీ ప్రభుత్వం మరుసటి ఏడాది పంచాయతీరాజ్ దినాన్ని ఏప్రిల్ 24కు మార్చింది, మార్చి 5 సెలవు పోయింది. అప్పటినుంచి నడుస్తున్న తగాదా ఇప్పుడు మళ్లీ రాజుకుంది. ఒడిశా పంచాయతీలకు కిందటి ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి; ఐదేళ్ల గడువు ప్రకారం తరువాతివి 2027 ఆరంభంలో రావాలి. తేదీ మీద ఇంత పట్టుదల ఎందుకో దీన్నిబట్టే కొంత అర్థమవుతుంది.

ప్రభుత్వ వాదన సూటిగానే ఉంది. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది కాబట్టి దేశమంతా పాటించే ఆ రోజునే ఒడిశా కూడా పాటిస్తుందని, బిజూబాబు జయంతి వేరుగా జరుగుతూనే ఉంటుందని పాలకపక్షం చెబుతోంది. మార్చి 5ను ఒక కుటుంబం, ఒక పార్టీ సొంతం చేసుకున్నాయన్న ఆక్షేపణ కూడా ఆ మాట వెనుక ఉంది. అది ఊరికే వచ్చినది కాదు. బిజూ రెండోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది 1990 మార్చి 5న. కుమారుడు నవీన్ తొలిసారి ప్రమాణం చేసింది 2000 మార్చి 5న.

నవీన్ పార్టీ అయిన బిజూ జనతాదళ్ ఈ మార్పును అవమానంగా తీసుకుంది. అయితే ఈ వాదులాటలో ఇరుపక్షాలూ మాట్లాడుతున్నది ముఖ్యమంత్రి బిజూ గురించే. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది రెండు విడతలు కలిపి ఏడేళ్ల చిల్లర మాత్రమే. ఆ ఏడేళ్లలో చేసిన పని అర్థం కావాలంటే అంతకు ముందరి విమాన చోదకుడి దగ్గరకు, ముఖ్యంగా 1947 జులై చివరి పది రోజులకు వెళ్లక తప్పదని ఈ వ్యాసకర్త నమ్మకం.

కటకంలో పుట్టుక, రేవెన్షా కాలేజీ చదువు అందరికీ తెలిసినవే. గంజాం తీరంవారికి సంబంధించిన ముక్క ఒకటి మాత్రం చెప్పాలి. గోపాలపురం రేవు నుంచి ఓడలెక్కి రంగం (బర్మా) వెళ్లి కూలినాలి చేసుకున్న తెలుగువాళ్లు, ఒడియావాళ్లు ఇక్కడ ఊరూరా ఉండేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాక వారిలో చాలామంది కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగివచ్చారు, దారిలోనే పోయినవారూ ఉన్నారు. అదే సమయంలో బ్రిటిష్ కుటుంబాలను విమానాల్లో తరలించారు. ఆ విమానాలు నడిపినవారిలో అప్పటి ఇండియన్ ఎయిర్ ఫోర్సులో పనిచేస్తున్న బిజూ ఒకరు. ఎవరికి విమానం దొరికిందో, ఎవరికి దొరకలేదో ఆయన కళ్లారా చూశారు. ఆ తరువాత బర్మాలో పోరాడుతున్న భారత సిపాయిల మీదికి క్విట్ ఇండియా కరపత్రాలు జారవిడవడం, అజ్ఞాతంలో ఉన్న నాయకులను రహస్యంగా ఒక చోటి నుంచి మరొక చోటికి చేర్చడం, 1943లో అరెస్టు కావడం వరసగా జరిగాయి. ఏ ప్రభుత్వపు యూనిఫాం తొడుక్కున్నారో ఆ ప్రభుత్వానికే ఎదురుతిరిగిన సైనికుడు ఆయన.

ఇక 1947కు వద్దాం. ఇండోనేషియా 1945 ఆగస్టులోనే స్వతంత్రం ప్రకటించుకుంది గాని డచ్చివారు ఒప్పుకోలేదు. సముద్రం మీద దిగ్బంధం పెట్టారు. 1946లో ఇక్కడ తిండిగింజలకు కటకటగా ఉన్నప్పుడు ఇండోనేషియా ప్రధాని సుతాన్ షహ్రీర్ 5 లక్షల టన్నుల బియ్యం ఇస్తామని భారతదేశానికి కబురు పెట్టారు. తామే ముట్టడిలో ఉండి పొరుగువారి ఆకలి గురించి ఆలోచించిన మనిషి ఆయన. 1947 జులై 21న డచ్చి సైన్యం జావా, సుమత్రాల మీద విరుచుకుపడింది. దానికి వారు పెట్టుకున్న పేరు పోలీసు చర్య. అప్పటికి ప్రధాని పదవి వదిలిన షహ్రీర్ బయటి ప్రపంచానికి వచ్చి తమ గోడు వినిపించగలిగితేనే ఆ యుద్ధం ఆగే వీలుంటుంది. నెహ్రూ ఆ పనిని బిజూకు అప్పగించారు. బిజూ, ఆయన భార్య జ్ఞాన్ డకోటా విమానంలో జావాకు వెళ్లి షహ్రీర్‌ను ఎక్కించుకుని సింగపూర్ మీదుగా జులై 24న ఢిల్లీ చేర్చారు. డచ్చివారి గస్తీ ఉన్న ఆకాశంలో, ఆయుధం లేని సరుకు విమానంలో భార్యాభర్తలు చేసిన ప్రయాణమిది.

ఈ కథ ఒడిశా బడిపిల్లలకు కూడా తెలుసు. తరువాతి ముక్క మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పుకోరు. జులై 29న వీటీ-సీఎల్ఏ అనే మరో డకోటా సింగపూర్ నుంచి జోగ్యకర్తాకు బయలుదేరింది. అదీ బిజూ పట్నాయక్‌దే. మలయా రెడ్‌క్రాస్ ఇచ్చిన మందులు అందులో ఉన్నాయి. దిగబోతుండగా డచ్చి యుద్ధవిమానాలు దానిని కూల్చేశాయి. ఎనిమిదిమంది చనిపోయారు, ఒక్కరు బతికారు. పోయినవారిలో ఆదిసుచిప్తో, అబ్దుల్‌రహమాన్ సలేహ్, ఆదిసుమార్మో అనే ముగ్గురు ఆ దేశపు వైమానిక దళానికి పునాది వేసినవారు. నేడు ఇండోనేషియాలో మూడు విమానాశ్రయాలకు ఆ ముగ్గురి పేర్లున్నాయి. జులై 29ని ఆ దేశపు వైమానిక దళం ఇప్పటికీ ఏటా స్మరణ దినంగా పాటిస్తుంది.

ఆ మరునాడే భారత్, ఆస్ట్రేలియా వేర్వేరుగా ఈ విషయాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు పెట్టాయి. ఆగస్టు 1న మండలి కాల్పుల విరమణకు పిలుపునిచ్చింది. ఇక్కడ మనవాళ్లు అర్ధరాత్రి స్వాతంత్ర్యానికి గడియలు లెక్కపెట్టుకుంటున్న ఆగస్టు 14న, డకోటాలో వచ్చిన షహ్రీర్ భద్రతా మండలిలో నిలబడి తన దేశం తరఫున మాట్లాడారు. తరువాత మూడు దేశాల సంధాన సంఘం, 1948 జనవరిలో డచ్చివారితో రెన్‌విల్ ఒప్పందం, అదే ఏడాది డిసెంబరులో డచ్చివారి రెండో దాడి, 1949 జనవరిలో నెహ్రూ ఢిల్లీలో పిలిచిన ఆసియా దేశాల సమావేశం, చివరికి 1949 డిసెంబరు 27న అధికార మార్పిడి. ఇవన్నీ చాలామంది కృషి. బిజూ చేసింది అందులో ఒక్క అడుగు: బల్ల దగ్గర చోటు లేనివాడిని బల్ల దగ్గరకు చేర్చడం. ఇండోనేషియా ఆయనను భూమిపుత్ర అని గౌరవించింది.

కార్తీక పున్నమి తెల్లవారుజామున గంజాం చెరువుల గట్లమీద నిలబడితే ఈ బంధం ఎంత పాతదో కనిపిస్తుంది. తెలుగు ఆడవాళ్లు అరటి దొప్పల్లో దీపం పెట్టి నీళ్లలో వదులుతారు. పక్కనే ఒడియా ఆడవాళ్లు అరటి బోదెతోనో కాగితంతోనో చేసిన పడవలో దీపం, తమలపాకు, వక్క పెట్టి జావా, బాలి దీవులకు వెళ్లిన పూర్వపు వర్తకుల పేరు తలచుకుని వదులుతారు. దొప్పలూ పడవలూ ఒకే నీటి మీద కలిసిపోతాయి.

ఇప్పటి తగాదాకు పనికివచ్చే ఘట్టం 1990ల ఆరంభంలో వస్తుంది. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా బిజూ ప్రభుత్వం పంచాయతీల్లో మూడో వంతు స్థానాలను స్త్రీలకు కేటాయిస్తూ చట్టం చేసి, 1992లో ఆ ప్రకారమే ఎన్నికలు జరిపింది. కర్ణాటక అంతకుముందే నాలుగో వంతు ఇచ్చి దారి చూపిన మాట నిజమే. కాని రాజ్యాంగ సవరణ అమల్లోకి రాకముందే మూడో వంతు ఇచ్చి ఎన్నికలు కూడా జరిపిన ఒడిశాకు ఏప్రిల్ 24 కంటే పాత లెక్క ఒకటి ఉందన్న వాదనను తేలికగా తోసిపుచ్చలేం. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే నోలియా జాలరుల పల్లెల్లో మగవాళ్లు వేటకు పోతే చేపలు అమ్మి, అప్పులు తీర్చి, ఇల్లు నడిపేది ఆడవాళ్లే. పంచాయతీలో మాత్రం వారు గుమ్మం బయట నిలబడేవారు. వార్డు మెంబరుగానో సర్పంచ్‌గానో లోపలికి వెళ్లి కూర్చునే హక్కు వారికి ఆ చట్టంతో వచ్చింది. 2011లో ఆ వాటా సగానికి పెరిగింది. షహ్రీర్‌ను మండలి దాకా చేర్చిన ఆలోచనే ఇక్కడా పనిచేసిందని నేను అనుకుంటున్నాను.

బిజూబాబు జీవితంలో ప్రశ్నలు లేవని కాదు. ఆయన వ్యాపార సంస్థలకూ ఆయన ప్రభుత్వానికీ మధ్య సంబంధాలపై 1960ల చివర్లో ఖన్నా కమిషన్ విచారణ జరిగింది. ఆ అధ్యాయం మీద వేరే వ్యాసం రాయవచ్చు. తేదీ తగాదాతో దానికి పెద్దగా పనిలేదు.

గంజాం తెలుగువారికి మాత్రం ఈ రెండు తేదీల్లో ఏదీ పరాయిది కాదు. 73వ సవరణ అమల్లోకి వచ్చినప్పుడు ప్రధాని పి.వి. నరసింహారావు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పి.వి. బరంపురం నుంచి గెలిచారు, ఆనుకుని ఉన్న అస్కా నుంచి బిజూ పట్నాయక్ గెలిచారు. ఏప్రిల్ 24 నాటి ప్రధానీ, మార్చి 5న పుట్టిన ముఖ్యమంత్రీ ఒకే జిల్లా నుంచి ఒకే సభకు వెళ్లారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 17న బిజూ కన్నుమూశారు. అస్కా ఉపఎన్నికతో నవీన్ రాజకీయాల్లోకి వచ్చారు, ఆ డిసెంబరులో తండ్రి పేరుతో పార్టీ పుట్టింది. మార్చి 5 అప్పటినుంచే ఒక పార్టీ తేదీగా మారుతూ వచ్చింది. దానిని సెలవుల జాబితాలోకి తిరిగి తీసుకురావాలన్న డిమాండుకు భువనేశ్వర్ నుంచి ఇంకా సమాధానం రావలసే ఉంది.