తోరణాన్ని తిరగేస్తే

కావలి నుంచి పదో తరగతి చదివే అమ్మాయి ఒకరు అమెరికాలోని బాస్టన్ పబ్లిక్ లైబ్రరీ ముందు హాలు ఫోటో పంపి అడిగింది: "సార్, ఈ కప్పులో దూలమే కనపడదు. మరి ఎట్లా నిలిచింది?"

ఎంత మంచి ప్రశ్న! మన నెల్లూరు పాత మిద్దెల్లో టేకు దూలాలు వరసగా కనిపిస్తాయి. వాటి మీద సన్న ఇటుకలు, సున్నం. దూలం కింద కూర్చుంటే కీడని పీట పక్కకు జరిపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కీడేమీ లేదు. పిల్లలు చూడాల్సింది వేరే ఉంది: బరువుకు దూలం వంగితే దాని అడుగు సాగుతుంది. టేకు ఆ సాగుడును తట్టుకుంటుంది, ఇటుక తట్టుకోలేక పగులుతుంది. అదే ఇటుకను నొక్కి చూడండి, చాలా బరువు మోస్తుంది.

అయితే ఇటుకకు నొక్కుడు తప్ప సాగుడు తగలని ఆకారం ఏది? పండగనాడు గుమ్మానికి కట్టే మామిడి తోరణమే. దారానికి లాగుడు తప్ప ఇంకేమీ తెలియదు. వేలాడే ఆ వంపును తలకిందులు చేస్తే లాగుడంతా నొక్కుడవుతుంది, తోరణం ఆర్చి అవుతుంది. ఇంగ్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ సంగతిని 1670లలో ఒక లాటిన్ వాక్యంగా రాసి, దాని అక్షరాలను తారుమారు చేసి అచ్చు వేయించాడు. దాని అర్థం ఆయన పోయాకే బయటపడింది.

తోరణాన్ని ఇంకాస్త చూద్దాం. గుమ్మం వెడల్పు 4 అడుగులు, తోరణం బరువు 400 గ్రాములు, నడుమ 6 అంగుళాలు జారింది. ఒక్కో మేకును అది పక్కకు లాగే బలం సుమారుగా బరువు × వెడల్పు ÷ (8 × జారుడు), అంటే 400 గ్రాముల బరువంత. బిగించి 3 అంగుళాలే జారనిస్తే? 800! బిగించేకొద్దీ మేకు ఎందుకు ఊడొస్తుందో ఇప్పుడు తెలిసిందా? ఆర్చిలో ఇదే తిరగబడుతుంది. వంపు తక్కువైతే గోడలను బయటికి తోసే బలం పెరుగుతుంది. వంపు పెంచకుండా ఆ తోపుడు తగ్గాలంటే కప్పు బరువు తగ్గాలి.

స్పెయిన్ నుంచి 1881లో అమెరికా చేరిన కట్టడాల నిపుణుడు రఫాయెల్ గుస్తావినో చేసింది అదే. అంగుళం మందం కాల్చిన మట్టి బిళ్లలను పొరలు పొరలుగా అతికించాడు. మొదటి పొరకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వాడాడు. నీళ్లు తగలగానే అది జిప్సంగా మారుతుంది. సూదుల్లాంటి స్ఫటికాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని నిమిషాల్లో గట్టిపడతాయి. మేస్త్రి బిళ్ల అంచులకు పూసి, పక్క బిళ్లకు ఆనించి, కాసేపు పట్టుకుంటే చాలు. కింద చెక్క సెంట్రింగు దాదాపు అక్కర్లేదు. పై పొరలకు సిమెంటు. కింది అతుకు మీదికి పైబిళ్ల నడుమ వచ్చేలా పేరుస్తారు కాబట్టి పగులు నేరుగా పైకి పాకదు.

1895లో తెరిచిన బాస్టన్ లైబ్రరీ భవనంలో ఇలాంటి కప్పులు ఆయన కట్టినవే. అక్కడ ముందు హాలు కప్పును మొజాయిక్ కప్పేసింది. మరికొన్ని చోట్ల బిళ్లలు బయటికే కనిపిస్తాయి, కొన్ని చేపముల్లు వరసలో. ఆ చోట్ల ఫోటోలు దొరికితే పెద్దవి చేసి చూడమ్మా, అతుకులు లెక్కపెట్టొచ్చు.