కాట్సెనెలెన్‌బోగెన్: ఒకే వంశం మోసుకొచ్చిన ఇంటిపేరు

యూదుల ఇంటిపేర్లలో కోహెన్, లెవీ వంటివి ప్రపంచమంతటా విస్తారంగా వినిపిస్తాయి. ఆ పేరున్న ఇద్దరు ఎక్కడో కలుసుకుంటే వాళ్లు చుట్టాలే అనుకోవడానికి ఆధారమేమీ ఉండదు, ఎందుకంటే అవి ఒక ఇంటికి కాక ప్రాచీన పురోహిత వర్గాలకు చెందిన పేర్లు. కాట్సెనెలెన్‌బోగెన్ అనే పేరు సంగతి వేరు. దాదాపు అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉన్న ఈ పేరు మొదటి నుంచీ అరుదైనదే. దీన్ని ధరించినవారిలో అత్యధికులు ఒకే రబ్బీ, అంటే యూదు మతగురువు, సంతతిగా తమను చెప్పుకున్నారు, ఆ మాటకు చాలావరకు చారిత్రక ఆధారం కూడా ఉంది. ఇంత పొడుగైన, పలకడానికి ఇంత కష్టమైన పేరు ఇన్ని శతాబ్దాలు, ఇన్ని దేశాలు దాటి ఎలా నిలిచింది, నిలిచినా ఎందుకు విస్తరించలేదు అన్నది యూదుల వంశచరిత్రలో శ్రద్ధగా చూడవలసిన విషయం.

పేరుకు మూలం ఒక ఊరు. జర్మనీలో నేటి రైన్‌లాండ్-ఫాల్స్ రాష్ట్రంలో, లాన్ నదికి దక్షిణాన ఉన్న కొండల మధ్య కాట్సెనెల్న్‌బోగెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 1095 ప్రాంతంలో కట్టిన కోట ఒక సంపన్న ప్రభువంశానికి పుట్టిల్లయింది. రైన్ నది మీద సుంకాలు వసూలు చేసుకుంటూ, సంక్ట్ గోఆర్ దగ్గర రైన్‌ఫెల్స్ కోటను, దానికి ఎదుటి గట్టున 'కాట్స్' అని నేటికీ పిలుచుకునే మరో కోటను కట్టి ఈ ప్రభువులు మధ్య రైన్ ప్రాంతంలో బలపడ్డారు. రీజ్లింగ్ ద్రాక్ష గురించి దొరికిన తొలి రాతపూర్వక ప్రస్తావన, 1435 నాటిది, వీరి జమాఖర్చు పద్దుల్లోనే ఉంది. 1479లో చివరి ప్రభువు ఫిలిప్ మగ సంతానం లేకుండా చనిపోవడంతో సంస్థానం హెస్సె పాలకుల చేతికి వెళ్లింది. దాని కోసం నసావు వంశం వేసిన వ్యాజ్యం 1557 దాకా నడిచింది. భూమి హెస్సెకు దక్కినా బిరుదు వాడుకునే హక్కు నసావు వంశానికి మిగిలింది కాబట్టి, ఆ వంశపు వారసుడైన నెదర్లాండ్స్ రాజు బిరుదావళిలో నేటికీ 'కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువు' అన్న మాట ఉంది. ఇక్కడ స్పష్టంగా చెప్పుకోవలసింది ఏమిటంటే, ఈ ప్రభువులకూ ఆ పేరున్న యూదు కుటుంబానికీ రక్తసంబంధం లేదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఊరొక్కటే.

ఊరి పేరుకు జర్మన్ భాషలో కనిపించే అర్థం 'పిల్లి మోచెయ్యి'. అది నిజమైన వ్యుత్పత్తి కాకపోవచ్చునని, 'కాట్టీ' అనే ప్రాచీన తెగ పేరూ 'మెలిబోకస్' అనే కొండ పేరూ కలిసి అరిగి ఇలా మారాయని పూర్వపు పండితులు ఊహించారు. ఆ ఊహ నేడు అంతగా నిలవదు. యూదు కుటుంబం మాత్రం పిల్లిని తన చిహ్నంగా స్వీకరించింది. ఇటలీలోని పాదువా నగరంలో, వియా వీల్ అనే వీధిలోని పాత యూదు శ్మశానంలో ఉన్న ఈ వంశ మూలపురుషుని సమాధి రాతి మీద ముడుచుకుని కూర్చున్న పిల్లి బొమ్మ చెక్కి ఉంది. ఆ రాతిని చూడడానికి దూరదేశాల నుంచి భక్తులు ఇప్పటికీ వస్తుంటారు.

ఆ మూలపురుషుడు రబ్బీ మేయిర్ బెన్ ఐజాక్. 15వ శతాబ్దం చివరి భాగంలో పుట్టి 1565లో మరణించిన ఈయనను యూదు ధర్మశాస్త్ర గ్రంథాలు 'పాదువా మహరామ్', అంటే 'పాదువాకు చెందిన మన గురువు రబ్బీ మేయిర్', అని పేర్కొంటాయి. కుటుంబం కాట్సెనెల్న్‌బోగెన్ నుంచి వచ్చినది. ఆయన ప్రాగ్‌లో యాకోబ్ పోలాక్ అనే ప్రసిద్ధ పండితుని దగ్గర చదువుకుని, అక్కడి నుంచి పాదువాలో యూదా మింట్స్ నడిపిన యెషీవాకు, అంటే ధర్మశాస్త్ర విద్యాలయానికి, చేరుకున్నారు. మింట్స్ మనవరాలు హన్నాను పెళ్లాడారు. 1525లో మామగారైన అబ్రహాం మింట్స్ తరువాత పాదువా రబ్బీ పదవి చేపట్టి నలభై ఏళ్ల పాటు ఆ స్థానంలో ఉన్నారు.

అప్పటి యూదుల పేర్ల పద్ధతి తెలిస్తే తప్ప ఈ దశలో జరిగినదేమిటో అర్థం కాదు. తెలుగునాట ఇంటిపేరు తరతరాలుగా మనిషి వెంట నడుస్తుంది కనుక, అది లేకుండా ఒక సమాజం సాగిందంటే మనకు వింతగా తోస్తుంది. కాని జర్మనీ, పోలండ్ ప్రాంతాల యూదులలో అత్యధికులకు 18వ శతాబ్దం చివరి వరకు స్థిరమైన ఇంటిపేరు ఉండేది కాదు. 'ఐజాక్ కొడుకు మేయిర్' అనడమే సంప్రదాయం, మేయిర్ కొడుకు మళ్లీ 'మేయిర్ కొడుకు శామ్యూల్' అయ్యేవాడు. ఊరు మారినప్పుడు పాత ఊరి పేరు తోడయ్యేది గాని, అది ఆ మనిషితోనే పోయేది, కొడుకుకు మరో ఊరి పేరు అంటుకునేది. ప్రభుత్వాలు చట్టం చేసిన తరువాతనే వంశపారంపర్యమైన ఇంటిపేర్లు అందరికీ వచ్చాయి. ఆస్ట్రియా పాలకుడు రెండవ జోసెఫ్ 1787లో, రష్యా 1804లో, నెపోలియన్ 1808లో, ప్రష్యా 1812లో, పోలండ్ రాజ్యం 1821లో ఈ మేరకు ఆజ్ఞలు జారీ చేశాయి. పన్నుల వసూలుకూ సైన్యంలో చేర్చుకోవడానికీ మనుషులను గుర్తించడం ఆ ప్రభుత్వాలకు అవసరమైంది.

అప్పటికే ఇంటిపేర్లు ఉన్న కొద్దిపాటి కుటుంబాలు ప్రధానంగా రబ్బీల కుటుంబాలు. లూరియా, రాపోపోర్ట్, హోరోవిట్స్, ట్రెవెస్, ఆవర్‌బాఖ్, బాఖరాఖ్ మొదలైనవి ఈ కోవలోనివే, వీటిలో కొన్ని ఊళ్ల పేర్లు. పండిత వంశంలో పుట్టడం పెళ్లి సంబంధాలకూ పదవులకూ గౌరవానికీ పనికివచ్చేది కాబట్టి, ఆ వంశాన్ని తెలిపే పేరును కొడుకులు వదులుకోలేదు. కాట్సెనెలెన్‌బోగెన్ కూడా అలా నిలిచిన పేరే. పాదువాలో స్థిరపడ్డాక ఆ జర్మన్ ఊరితో కుటుంబానికి పని లేకపోయినా, మేయిర్ సంతతి అని చెప్పుకోవడానికి ఆ పేరు అవసరమైంది. నా దృష్టిలో ఈ పేరు అరుదుగా ఉండిపోవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. ఊరు చిన్నది, అక్కడి నుంచి వెళ్లి ఆ పేరు నిలబెట్టుకున్న ఇల్లు ఒక్కటే. తరువాత చట్టాలు వచ్చి లక్షల కుటుంబాలు కొత్త పేర్లు తీసుకున్నప్పుడు వృత్తుల పేర్లు, రంగుల పేర్లు, పెద్ద నగరాల పేర్లు ఎన్నో ఇళ్లకు విడివిడిగా అంటుకున్నాయి గాని, ఇలాంటి పేరును సంబంధం లేనివాళ్లు ఎంచుకోవడానికి కారణం లేదు.

మేయిర్ పేరు పండితలోకమంతా మారుమోగడానికి ఒక వివాదం తోడ్పడింది. 1550లో వెనిస్‌లో బ్రగాదీని ముద్రణాలయం మధ్యయుగ యూదు పండితుడు మైమొనిడీస్ రచించిన 'మిష్నే తోరా' అనే ధర్మశాస్త్ర సంకలనాన్ని మేయిర్ వ్యాఖ్యలతో అచ్చువేసింది. పోటీదారుడైన జుస్తినియాని అదే గ్రంథాన్ని వెంటనే అచ్చువేసి, ఒక బంగారు నాణెం తక్కువకే అమ్ముతానని ప్రకటించాడు. పెట్టుబడి పోతుందన్న భయంతో మేయిర్ పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉన్న తన దూరపు బంధువు రబ్బీ మోజెస్ ఇస్సర్లెస్‌ను ఆశ్రయించారు. మేయిర్ ప్రతులు అమ్ముడయ్యేదాకా పోటీ ప్రతిని ఎవరూ కొనరాదని ఇస్సర్లెస్ తీర్పు చెప్పారు, గ్రంథస్వామ్యం గురించి యూదు న్యాయశాస్త్రం చర్చించినప్పుడల్లా ఈ తీర్పు ప్రస్తావనకు వస్తుంది. అయితే ఇద్దరు ముద్రాపకుల మధ్య కక్ష అంతటితో ఆగలేదు. ఒకరి పుస్తకాల మీద ఒకరు రోమ్‌లోని చర్చి అధికారులకు ఫిర్యాదులు చేసుకున్నారు. ఇతర కారణాలు కూడా కలిసి, 1553 సెప్టెంబరు 9న రోమ్‌లోని కాంపో దె ఫియోరి కూడలిలో యూదుల ప్రధాన ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ ప్రతులను బహిరంగంగా తగలబెట్టారు. ఆ ఏడాదే వెనిస్‌లో కూడా మంటలు లేచాయి.

మేయిర్ కొడుకు శామ్యూల్ యూదా తండ్రి స్థానంలో నిలిచి 1597లో మరణించారు. ఆయన కొడుకు సౌల్ పోలండ్-లిథువేనియా రాజ్యానికి వెళ్లి, నేటి బెలారుస్‌లోని బ్రెస్ట్‌లో స్థిరపడటంతో వంశం తూర్పు ఐరోపాలో వేళ్లూనుకుంది. సౌల్ వాల్ అనే పేరుతో ప్రసిద్ధి పొందిన ఈయన మీద యూదుల ఇళ్లలో తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. రాజు స్టెఫాన్ బాతోరి 1586 డిసెంబరులో చనిపోయాక, కొత్త రాజును ఎన్నుకోవడంలో ప్రభువులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారనీ, గడువు దాటితే సింహాసనం ఖాళీగా ఉండకూడదన్న నియమం కోసం 1587 ఆగస్టులో ఒక్క రాత్రికి సౌల్‌ను రాజుగా నిలబెట్టారనీ, ఆ 'ఎన్నిక' (జర్మన్‌లో 'వాల్') కారణంగానే ఆయనకు వాల్ అన్న పేరు వచ్చిందనీ ఆ కథ సారాంశం.

దీన్ని చరిత్రగా అంగీకరించడం కష్టం. అప్పటి పోలిష్ రికార్డుల్లో ఇలాంటి సంఘటన జాడ లేదు. ఈ కథకు ముఖ్యమైన రాతపూర్వక రూపం, అదే వంశానికి చెంది, నేటి చెక్ దేశంలో భాగమైన మొరేవియాలోని బోస్కోవిట్స్‌లో రబ్బీగా ఉన్న పిన్హాస్ కాట్సెనెలెన్‌బోగెన్ 18వ శతాబ్దంలో రాసిపెట్టినది, అంటే సౌల్ మరణించిన నూరేళ్ల తరువాతి మాట. వాల్ అన్న పేరు ఇటాలియన్లను ఉద్దేశించే పాత జర్మన్ పదం నుంచి వచ్చి ఉండవచ్చునన్న వాదన నాకు మరింత సహజంగా కనిపిస్తుంది, సౌల్ ఇటలీ నుంచి వచ్చినవాడే కదా. కథను పక్కన పెట్టినా ఆయన సామాన్యుడు కాడు. ఉప్పు గనుల కౌలుదారుగా, పన్నుల గుత్తేదారుగా సంపాదించి, మూడవ సిగిస్మండ్ రాజు నుంచి 'రాజ సేవకుడు' అన్న హోదా పొందినట్టు రాజపత్రాలు చెబుతున్నాయి. ఆయన కొడుకు మేయిర్ వాల్ బ్రెస్ట్ రబ్బీగా 1623లో లిథువేనియా యూదు మండలి ఏర్పాటులో ప్రముఖ పాత్ర వహించారు. తరువాతి తరాల్లో యెహెజ్కేల్ కాట్సెనెలెన్‌బోగెన్ 1749లో మరణించేవరకు ఆల్టోనా, హాంబుర్గ్, వాండ్స్‌బెక్ సమాజాల ప్రధాన రబ్బీగా ఉన్నారు.

రక్తం ఎంత విస్తరించిందో పేరు అంత విస్తరించలేదు. ఈ వంశపు ఆడపిల్లలను ఇతర రబ్బీ కుటుంబాలు కోరి చేసుకున్నాయి, వారి పిల్లలకు తండ్రి పేరే వచ్చింది. తత్వవేత్త మోజెస్ మెండెల్సన్ తల్లి సౌల్ వాల్ వంశపు స్త్రీ. మోజెస్ తన తండ్రి మెండెల్ పేరు నుంచి మెండెల్సన్ అయ్యారు, కాబట్టి ఆయన మనవడైన సంగీతకారుడు ఫెలిక్స్ మెండెల్సన్ పేరులో పాదువా రబ్బీ జాడ కనిపించదు. కార్ల్ మార్క్స్ తండ్రి వైపు పూర్వీకులలో కూడా ఈ వంశాన్ని వంశావళి గ్రంథాలు పేర్కొంటాయి. తల్లి వైపు నుంచి పేరు నిలిచిన సందర్భాలూ లేకపోలేదు. ఆస్ట్రియా పాలనలోని గాలీషియాలో (నేటి దక్షిణ పోలండ్, పశ్చిమ ఉక్రెయిన్ ప్రాంతం) ప్రభుత్వ అనుమతి లేకుండా మతాచారం ప్రకారం మాత్రమే జరిగిన పెళ్లిళ్లను చట్టం గుర్తించేది కాదు, ఆ దంపతుల పిల్లలు తల్లి ఇంటిపేరుతోనే రిజిస్టర్లకెక్కేవారు. అందుచేత ఒకరి పేరు కాట్సెనెలెన్‌బోగెన్ అయినంత మాత్రాన అది తండ్రుల వరసలోనే వచ్చిందని చెప్పలేం.

పేరు పోలికలను నమ్మి దారి తప్పేవాళ్లు కూడా ఉన్నారు. కాట్జ్ అన్న సాధారణ ఇంటిపేరు దీనికి సంక్షిప్త రూపమని కొందరు అనుకుంటారు. అది 'కోహెన్ త్సెదెక్', అంటే ధర్మ పురోహితుడు, అన్న హీబ్రూ మాటల తొలి అక్షరాల కలయిక, పురోహిత వర్గానికి చెందినది. మేయిర్ వంశం ఆ వర్గానిది కాదు. ఎల్లెన్‌బోగెన్ అన్న పేరు కొన్ని ఇళ్లలో నిజంగానే దీన్ని కుదించగా వచ్చింది. కాని బొహీమియాలో నేడు లోకెత్ అని పిలిచే పట్టణానికి జర్మన్ పేరు ఎల్బోగెన్ కనుక, ఆ తరహా పేరున్న కుటుంబం అక్కడిది కూడా కావచ్చు. వీటిని కాగితాలు చూడకుండా తేల్చడం తగదు.

20వ శతాబ్దపు జర్మనీలో ఈ పేరు వ్యాపారంలో, న్యాయవాద వృత్తిలో, విద్యలో కనిపిస్తుంది. సారా పరిశ్రమాధిపతి లుడ్విగ్ కాట్సెనెలెన్‌బోగెన్ నాజీల నుంచి తప్పించుకుని యుగోస్లావియాలో తలదాచుకున్నా 1941లో పట్టుబడి, 1944లో నిర్బంధంలోనే మరణించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పేరున్న న్యాయవాది, బ్యాంకు డైరెక్టరు ఆల్బర్ట్ కాట్సెనెలెన్‌బోగెన్ 1942లో తెరేజియన్‌స్టాట్ అనే నాజీ నిర్బంధ శిబిరానికి తరలింపుకు గురై, ఆ ఏడాదే హత్యకు గురయ్యారు. క్రైస్తవ మతం స్వీకరించి ఉండటం ఆయనను కాపాడలేదు. ఆయన కొడుకు, మధ్యయుగ శిల్పకళా చరిత్రకారుడు అడాల్ఫ్, 1938లో దాహావు శిబిరంలో నిర్బంధాన్ని అనుభవించి అమెరికాకు వెళ్లగలిగారు, అక్కడ జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో బోధించి 1964లో మరణించారు. అప్పటికే తక్కువమందికి ఉన్న పేరు ఆ సంవత్సరాల్లో పోలండ్, లిథువేనియా పట్టణాల్లో ఎంత తుడిచిపెట్టుకుపోయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇరవై మంది బంధువులున్న ఇల్లు పోతే సాధారణ ఇంటిపేరుకు తేడా తెలియదు గాని, ఇలాంటి పేరు ఆ ప్రాంతం నుంచే మాయమవుతుంది.

నేడు ఈ పేరు అమెరికా, ఇజ్రాయెల్, బ్రిటన్, రష్యా తదితర దేశాల్లో చెదురుమదురుగా ఉంది, ఒకే వర్ణక్రమంతో మాత్రం లేదు. పేరులోని 'ట్స' ధ్వనిని జర్మన్ రికార్డుల్లో z అక్షరంతో, పోలిష్ రికార్డుల్లో c అక్షరంతో రాశారు. రష్యన్ గుమాస్తాలు మధ్యలోని అక్షరాలను వినిపించినట్టు రాసుకున్నారు. అమెరికా చేరిన కొందరు ముందు సగాన్ని, కొందరు వెనక సగాన్ని వదిలేశారు. ఒకే అన్నదమ్ముల పిల్లలు మూడు దేశాల్లో మూడు పేర్లతో కనిపించడం ఇందువల్లనే. వంశాన్ని వెదికేవారు పేరు అక్షరాలను పట్టుకోకుండా ఊరి సమాజపు రిజిస్టర్లనూ, సమాధి రాళ్ల మీది తండ్రుల పేర్లనూ, కెతూబా అనే వివాహ పత్రాలనూ కలిపి చదువుతారు. హీబ్రూలో చెక్కిన సమాధి రాతి మీద సాధారణంగా తండ్రి పేరు ఉంటుంది కాబట్టి, ఇంటిపేరు ఎన్నిసార్లు మారినా ఒక్కో రాయి ఒక్కో తరం వెనక్కి తీసుకుపోతుంది.