జ్వరం పోయింది, నొప్పులు ఉండిపోయాయి

చిన్నీ, బాబీ,

"అమ్మమ్మకి జ్వరం తగ్గి నెల దాటింది కదా, ఇంకా కుంటుతుందెందుకు తాతయ్యా?" అని రాశారు.

నిన్న పొద్దున ఆవకాయ జాడీ మూత తీయబోయింది. వేళ్లు ముడుచుకోలేదు. నన్ను పిలవడానికి నామోషీ. జాడీకేసి చూస్తూ కూర్చుంది. పది గంటలకి వేళ్లు వదులయ్యాక తనే తీసింది. చికున్‌గున్యా తీరే అంత. తెల్లారి కీళ్లు బిగుసుకుంటాయి, కదిలేకొద్దీ సాగుతాయి.

ఈ జబ్బు 1952లో ఇప్పటి టాంజానియాలో బయటపడింది. అక్కడి మకొండే భాషలో ఆ పేరుకి ఒంగిపోవడమని అర్థం. 2006లో రాయలసీమలో నేను పనిచేసిన ఆరోగ్య కేంద్రానికి జనం గోడ పట్టుకుని, నడుం వంచుకుని వచ్చేవాళ్లు. "సూదెయ్యి సారూ" అనేవాళ్లు. ఈ వైరస్‌ని చంపే సూది అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

వైరస్ రక్తంలో ఉండేది వారం లోపే. దాని మీదికి లేచిన మన ఒంటి రక్షణ బలగం మాత్రం అంత తొందరగా చల్లారదు, కీళ్లలో వాపు అలా నిలిచిపోతుంది. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. కొందరికి నెలలు పడుతుంది. పెద్దవయసు వాళ్లకి ఏడాది దాటినా దాటొచ్చు.

జ్వరం రోజుల్లో పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పిబిళ్ల వేయనివ్వలేదు. చికున్‌గున్యాని మోసే దోమే డెంగీనీ మోస్తుంది. అది డెంగీ అయితే ఆ బిళ్లలతో రక్తస్రావం పెరగొచ్చు. ఇప్పుడు డాక్టరమ్మ బీపీ, కిడ్నీ పరీక్షలు చూసి కొన్నాళ్లకి వేరే బిళ్ల రాసింది. మందుల కొట్టతను స్టెరాయిడ్ ఇస్తానన్నాడు, వద్దన్నాను. రెండు రోజులు హాయిగానే ఉంటుంది, ఆపగానే నొప్పి తిరిగొస్తుంది, ఈలోగా షుగరు పెరిగి కూర్చుంటుంది.

అసలు వైద్యం ఇంట్లోనే. గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టి పిడికిలి మూయడం, తెరవడం. వరండాలో నాలుగడుగులు నడవడం. కష్టమల్లా బాగున్న రోజుతోనే! మొన్నామధ్య నొప్పి లేదని రెండు బకెట్ల బట్టలు ఉతికింది, తర్వాత రెండు రోజులు మంచం దిగలేదు. డాక్టర్నై ఉండీ ఆపలేకపోయాను.

మూడు నెలలు దాటినా వాపు తగ్గకపోతే కీళ్లవాతం పరీక్ష చేయించాలి. ఒక్క కీలే ఎర్రబడి, జ్వరం మళ్లీ వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి.

వచ్చేటప్పుడు చేతికర్ర తేకండి. నేను కొన్నది అటకెక్కించేసింది.

మీ తాతయ్య