పికప్ మీద కయాక్ కట్టడం: అపోహలు - వాస్తవాలు

కొత్తవాళ్ళకి కయాకింగ్, అంటే సన్నటి చిన్న పడవని తెడ్డుతో నడపడం, నేర్పడం నా పని. నేర్పే మాట తర్వాత, ముందు పడవలు నీళ్ళ దాకా చేరాలి కదా, అందుకని వారంలో నాలుగైదు సార్లు పికప్ మీద కట్టడం, విప్పడం. కడుతుంటే పక్కన నిలబడి సలహా చెప్పేవాళ్ళు ఎప్పుడూ ఒకళ్ళు ఉంటారు. వాటిలో చాలావరకు ఒకప్పుడు నేనూ నమ్మినవే, కాబట్టి వెక్కిరించట్లేదు.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత సేఫ్.

వాస్తవం: పడవలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. రాచెట్ బెల్ట్ ఉంటుంది చూడండి, లారీల మీద సరుక్కి కట్టేది, హ్యాండిల్ టకటకా కొడితే బిగుసుకుంటూ పోయేది, దాంతో ఎంత బలం పడుతోందో మన చేతికి తెలీనే తెలీదు. కయాక్‌లు ఎక్కువ శాతం పాలిథిలీన్ ప్లాస్టిక్, ఎండకి మెత్తబడతాయి. మిట్టమధ్యాహ్నం రాచెట్‌తో బిగించేసి సాయంత్రం విప్పితే, పడవ కింద బండికి అడ్డంగా ఉండే బార్ ఆనిన చోట సొట్ట రెడీగా ఉంటుంది. ఫైబర్‌గ్లాస్ అయితే సొట్ట కూడా కాదు, పగులే. నా మొదటి కయాక్‌కి ఈ ఘనకార్యం నేనే చేశా, తర్వాత దాన్ని రెండ్రోజులు అడుగు పైకి పెట్టి ఎండలో ఉంచితే కొంత లేచింది కానీ ఇప్పటికీ చెయ్యి పెట్టి నిమిరితే ఆ గుంట తగులుతుంది.

మేం వాడేది క్యామ్ బెల్ట్. పళ్ళున్న చిన్న బకిల్, చేత్తో ఎంత లాగితే అంతే బిగుస్తుంది, అంత చాలు. సరిపోయిందా లేదా అంటే కయాక్ ముక్కు, అంటే ముందు కొస, పట్టుకుని పక్కలకి ఊపండి. కయాక్‌తో పాటు బండి కూడా ఊగితే ఓకే, కయాక్ ఒక్కటే ఊగితే మళ్ళీ లాగాలి. ఇంకోటి, బెల్ట్ కొసని బకిల్‌లో తప్పు వైపు నుంచి దూరిస్తే పళ్ళు సరిగ్గా పట్టవు, మొదట పట్టినట్టే అనిపించి దార్లో మెల్లగా జారుతుంది, అందుకే బిగించాక ఒకసారి గట్టిగా గుంజి చూడాలి.

అపోహ: బరువుంది కదా, దాని బరువుకే కూర్చుంటుంది, మధ్యలో రెండు బెల్టులు చాలు.

వాస్తవం: ఆగి ఉన్న బండి మీద కూర్చుంటుంది, నిజమే. మామూలు కయాక్ 20 నుంచి 30 కిలోలు, ఫిషింగ్‌వి 40 దాటేవి కూడా ఉన్నాయి, కానీ రోడ్డెక్కాక లెక్క బరువుది కాదు, గాలిది. స్పీడు రెండింతలైతే గాలి తోపు నాలుగింతలు అవుతుంది, అంటే 50లో ఏమీ తెలియని పడవ 100లో నాలుగు రెట్లు గుంజుతుంది. ఎదురుగా పెద్ద లారీ దాటినప్పుడైతే ఒక్కసారి కొట్టి వదిలేస్తుంది. మూడున్నర మీటర్ల పడవని మధ్యలో మీటరు ఎడంలో రెండు చోట్ల పట్టుకుంటే, బయటికి ఉన్న ముక్కు పొడవంతా గాలి చేతిలో గడ్డపార లాంటిది, అది ఎత్తుతూ తిప్పుతూ ఉంటే ఆ బలమంతా ఆ రెండు బెల్టుల మీదే.

అందుకే ముక్కుకో తాడు, తోకకో తాడు. ముక్కు దగ్గర నుంచి రెండు కొసలు బానెట్‌కి చెరో పక్కకి దించి కడితే పక్కలకి ఊగదు. దీన్ని కూడా పీకి పీకి బిగించొద్దు, ముక్కు కిందకి వంగి పడవ అరటిపండులా అవుతుంది. ఊగకుండా ఆపడమే దాని పని. నాకు దీనిలో నచ్చేది ఇంకోటి, ఆ తాడు డ్రైవింగ్‌లో కళ్ళెదురుగానే ఉంటుంది, పైన ఏదైనా లూజైతే ముందు అదే కొట్టుకోవడం మొదలుపెట్టి చెప్పేస్తుంది. కాకపోతే మిగిలిన కొసని వేలాడనివ్వకండి. చక్రం కిందకి పోయిందంటే పడవ ముక్కుని కిందకి లాగిపారేస్తుంది.

తాడు అన్నా కాబట్టి ఒక మాట, నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, వానలో గంట పోయాక చూస్తే వదులు. పాలియెస్టర్ అంత సాగదు. సాగే రబ్బరు కొక్కేల తాళ్ళు ఉంటాయి కదా, అవి తెడ్లు కట్టుకోవడానికి బావుంటాయి, పడవకి మాత్రం వద్దు.

అపోహ: క్యాబ్ (డ్రైవర్ కూర్చునే భాగం) మీద ఒక బార్, వెనక బెడ్ (సరుకు వేసే భాగం) మీద ఒక బార్ వేస్తే ఎడం ఎక్కువ, అదే బెస్ట్.

వాస్తవం: ఎడం ఎక్కువుంటే మంచిదే, కానీ పికప్ కారు లాంటిది కాదు. చాలా పికప్‌లలో క్యాబ్ వేరు, బెడ్ వేరు, రెండూ చాసిస్ మీద విడివిడిగా కూర్చుంటాయి. నమ్మకం లేకపోతే ఒక చక్రం రాయి మీదకి ఎక్కించి పక్కకి వచ్చి ఆ రెండింటి మధ్య సందు చూడండి, పైన ఒక కొలత కింద ఒక కొలత. గతుకుల రోడ్డు మీద ఇది దారి పొడుగునా జరుగుతూనే ఉంటుంది, రెండింటికీ కలిపి కట్టిన కయాక్ ఆ మెలికంతా తన ఒంటి మీద తీసుకుంటుంది. వీలైతే రెండు బార్లూ బెడ్ ర్యాక్, అంటే బెడ్ మీద బిగించే చట్రం, మీదే ఉండేట్టు చూసుకోండి. కుదరకపోతే మందం ఫోమ్ వేసి, బెల్టులు మరీ బిగించకుండా, ఎక్కువసార్లు ఆగి చూసుకోవడమే. అసలు ఏ కట్టయినా బయల్దేరిన పది పదిహేను నిమిషాలకి ఒకసారి ఆగాలి, మొదటి కుదుపులకి పడవ సర్దుకుని బెల్ట్ వేలెడు వదులవుతుంది.

అపోహ: హ్యాండిల్స్ ఉన్నాయిగా, వాటికి కట్టేస్తే అయిపోయె.

వాస్తవం: పక్కల ఉండే హ్యాండిల్స్ చేత్తో మోయడానికి. అవి నిలబడేది రెండు స్క్రూల మీద. బెల్ట్ మొత్తం పడవ చుట్టూ తిరిగి బార్‌కి చుట్టుకోవాలి, అదీ బార్ కాళ్ళకి లోపలి వైపు, లేదంటే కొస నుంచి జారిపోగలదు.

అపోహ: బెల్ట్ మెలిక పడకూడదు.

వాస్తవం: పడవ మీద పడకూడదు. గాల్లో ఉన్న ముక్కకి మాత్రం నేనే ఒక మెలిక తిప్పుతా, లేకపోతే స్పీడులో గుంయ్‌మని తుమ్మెద మోత, గంట సేపు వింటే తల పగిలిపోతుంది.

అపోహ: నీళ్ళలో ఎలా ఉంటుందో బండి మీదా అలాగే వెల్లకిలా పెట్టాలి.

వాస్తవం: అడుగుకి సరిపోయే క్రేడిల్ (బార్ మీద బిగించి పడవని పట్టి ఉంచే స్టాండు) ఉంటే పెట్టొచ్చు. ఉత్త బార్ల మీదైతే బోర్లా వేయడం మేలు, పైన కూర్చునే రకానికైతే మరీను. పక్కకి వాల్చి పట్టుకునే క్రేడిల్ ఇంకా మంచిది, పడవకి గట్టి భాగం ఆ అంచే. వెల్లకిలా పెట్టి లోపల కూర్చునే చోటుకి మూత వేయకపోతే వానకి తొట్టి అవుతుంది, లీటరుకో కిలో చొప్పున లెక్కేసుకోండి. ర్యాక్ మీద రాసి ఉండే లిమిట్‌లో ఈ నీళ్ళ బరువు ఎవరూ కలుపుకోరు.

అపోహ: బెడ్‌లో దోపేసి వెనక డోర్ తెరిచి ఉంచితే చాలు.

వాస్తవం: పొట్టి పడవకి సరే. పొడుగుదైతే సగం బయట వేలాడుతుంది, డోర్ అంచు అడుగుని కోస్తూ ఉంటుంది. వెనక హిచ్‌కి (ట్రైలర్ తగిలించే చోటు) తగిలించే టీ ఆకారం ఎక్స్‌టెండర్ దొరుకుతుంది, అది వేసుకోండి. వేసినా కూడా ఆ కొసకి ఎర్ర గుడ్డ, రాత్రి అయితే ఎర్ర లైటు ఉండాల్సిందే. ఎంత బయటికి ఉండొచ్చన్నది ఏ ఊరి రూల్ ఆ ఊరిది.

అపోహ: ఇద్దరు లేనిదే ఎక్కించలేం.

వాస్తవం: నేను చాలాసార్లు ఒక్కడినే. మొత్తం ఒకేసారి ఎత్తేవాళ్ళకి నడుం పడుతుంది. ముక్కుని వెనక బార్ మీద ఆనించి, తోక దగ్గరికి వచ్చి, దాన్ని ఎత్తి ముందుకి తోయడమే, ఆనిన చోట పాత రబ్బరు మ్యాట్ వేస్తే గీతలు పడవు. అప్పుడు ఎత్తేది సగం బరువే. బెల్ట్ విసిరేటప్పుడు బకిల్ ఉన్న కొసని చేతిలోనే ఉంచుకుని రెండో కొస విసరండి. నేను ఒకసారి తిరగేసి విసిరా, సైడ్ అద్దం పోయింది.

ఇక ఎత్తు. పడవ కట్టాక బండి మూరెడు పైనే పెరుగుతుంది, మనకేమో ఖాళీ బండి ఎత్తే అలవాటు. పార్కింగ్ దగ్గర అడ్డ కమ్మీ కిందకి దర్జాగా తోలుకుపోతాం. నేను టేపుతో కొలిచి ఆ నంబర్ స్టీరింగ్ పక్కన తెల్ల ప్లాస్టర్ మీద పెన్నుతో రాసి అంటించుకున్నా. క్రేడిల్ మార్చినప్పుడల్లా పాతది పీకి కొత్తది.